ముప్పై మందికీ బీపీ

తాగేవాడి ఒట్టు నీళ్ల మీద రాత. ఈ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తిరువూరులో తాగుడు మాన్పించే కేంద్రంలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు నర్సుగా చేస్తున్నాను. నా పేరు రిబ్కా. పొద్దున డ్యూటీ ఎక్కగానే నేను చేసే మొదటి పని నాడి చూడటం కాదు, నోరు వాసన చూడటం. తర్వాత తలగడ గలీబులు తిరగేస్తాను, మంచినీళ్ల సీసాలు మూత తీసి చూస్తాను, బంధువులు తెచ్చిన అరటిపళ్ల సంచి అడుగుదాకా తడుముతాను. ఒకసారి కొబ్బరిబోండంలో మందు దొరికింది. బోండానికి సన్నటి చిల్లు పెట్టి, నీళ్లు తీసేసి, పక్క రాష్ట్రంలో కొన్న క్వార్టరు అందులో పోసి, పైన మైనం అద్దారు. ఆ తెలివిలో సగం పత్తిచేను మీద పెట్టి ఉంటే ఆ కుటుంబం బాగుపడేది.

నన్ను అందరూ అనుమానం పిశాచి అంటారు. అననివ్వండి. అనుమానించడం నా ఉద్యోగం.

మా కేంద్రంలో పది మంచాలు. జిల్లా నుంచి వచ్చే నిధులతో నడుస్తాయి. ఏడాదికోసారి తనిఖీకి ఒక అధికారి వస్తాడు. ఆ రోజు ఆరుగురికి తక్కువ రోగులు కనిపిస్తే మంచాలు ఎత్తేసి విజయవాడలో కలిపేస్తారు. ఇక్కణ్ణించి విజయవాడకి బస్సులో రెండు గంటల పైనే పడుతుంది.

ఆ రెండు గంటలంటే ఏమిటో నాకు తెలుసు. ఈ కేంద్రం రాకముందు మా తమ్ముడు జోజిబాబు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మానేశానక్కా, రెండు రోజులైంది" అన్నాడు. దగ్గరికి వెళితే యాలకుల వాసన కొట్టింది. వాసన తెలియకుండా నమిలి వచ్చాడనుకుని నాలుగు తిట్టి పంపించేశాను. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండో రోజుకో మూడో రోజుకో ఒళ్లు వణికి ఫిట్స్ వస్తాయని నర్సు చదువు చదివిన నాకు తెలుసు. వాడు నిజంగానే మానేశాడు, తాగాలనే ఆశ ఆపుకోడానికే యాలకులు నమిలాడు. చేతులు చూడాల్సినదాన్ని నోరు చూశాను. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చి విజయవాడ ఆస్పత్రికి తీసుకెళుతుంటే బస్సులో, మైలవరం చేరకముందే, నా ఒళ్లో పోయాడు. తర్వాత ఇక్కడ మంచాలు పడినప్పుడు ఉన్న ఉద్యోగం మానుకుని వచ్చి చేరాను. ఇవి పోతే నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. కానీ ఆ బస్సు మళ్లీ ఎవరో ఒకరు ఎక్కాల్సి వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. కార్తీకమాసం వచ్చిందంటే మాకు గండమే. మా రోగుల్లో సగానికి సగం భవానీ మాల వేసుకుంటామంటారు. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, మందు వాసన కూడా పడదు. మాల వేసుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవరు, భవానీ అంటారు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్నవాడే వంగి దణ్ణం పెడతాడు. ఏళ్ల తరబడి రోడ్డు పక్కన పడిపోయి తిట్లు తిన్నవాడికి ఆ పిలుపు ఎంత అపురూపమో చెప్పలేను. ఈ ఏడు కూడా ఐదుగురు వెళ్లిపోతామన్నారు. పన్నెండు రోజుల మందులు పూర్తయ్యాయి, వణుకులు తగ్గాయి, ఇంకా నెల రోజులు ఉండాలి. నేను ఒప్పుకోలేదు. ఇదంతా తాగడానికి వేసిన ఎత్తేనని నా నమ్మకం.

వాళ్లలో గిరిబాబు అని వినగడప మనిషి. ట్రాక్టరు డ్రైవరు. "సిస్టరమ్మా, మీరు పంపకపోతే గోడ దూకి పోతా. పంపితే మీరు చెప్పినట్టు వింటా" అన్నాడు. మా డాక్టరు సుప్రజ గారు మెతక మనిషి. వారంలో రెండు రోజులు విజయవాడ నుంచి వస్తారు. "వెళ్లనిద్దాం రిబ్కా గారూ. మాల ఎలాగూ వాళ్లని మందు తాకనివ్వదు. మీరు రోజూ వెళ్లి చూసి మాత్రలు ఇచ్చి రండి" అన్నారు.

గిరిబాబు ఒక్క షరతు పెట్టాడు. తను ఇక్కడ చేరిన సంగతి ఊళ్లో తెలియకూడదు. ఆ పన్నెండు రోజులూ హైదరాబాదులో డ్రైవింగు పనికి వెళ్లాడని భార్య శ్రీవల్లి అందరికీ చెప్పింది. అతను పనిచేసేది నరసయ్య గారి దగ్గర. నరసయ్య గారంటే ఊళ్లో పెద్ద రైతు, మామిడితోటలు, పత్తి వ్యాపారం. తాగినవాడికి ట్రాక్టరు తాళం ఇవ్వనని ఆయన పదిమందిలో అన్న మాట. ఆ మాట బయటపెట్టనని నేను యేసయ్య మీద ప్రమాణం చేశాను.

భవానీల పీఠం వేసింది కూడా నరసయ్య గారి మామిడితోటలోనే. పెద్ద తాటాకు పందిరి, మాలలు వేయించే గురుభవాని, ముప్పై మంది భవానీలు. అందులో నా వాళ్లు ఐదుగురు. ఆ ఐదుగురినే చూస్తే గుట్టు బయటపడుతుంది కాబట్టి ముప్పై మందికీ బీపీ చూడటం మొదలుపెట్టాను. నేను తాకకుండా పట్టీ వాళ్లే చేతికి చుట్టుకుంటారు, నేను మిషను చూసి చెబుతాను. తర్వాత "నాలుక చూపించి ఆ అనండి" అంటాను. నా ముక్కుకి రెండడుగుల దూరం చాలు. బలం మాత్రలని ముప్పై మందికీ విటమిను బిళ్లలు ఇచ్చి, వాటి మధ్య ఆ ఐదుగురికీ వాళ్ల మాత్రలు ఇచ్చేదాన్ని. పందొమ్మిది రోజులు, రోజూ సాయంత్రం షేర్ ఆటోలో వినగడప వెళ్లి వచ్చాను. ఒక్కరి నోరు కూడా కంపు కొట్టలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

రిజిస్టరులో సెలవు అని రాయడానికి గడి లేదు. చికిత్స మధ్యలో మానేశాడని రాస్తే ఆర్నెల్లదాకా మళ్లీ చేర్చుకోవడానికి లేదు. అందుకని ఐదుగురినీ హాజరు వేశాను. రోజూ కళ్లతో చూస్తున్నాను కదా, ఉన్నట్టే అనుకున్నాను. వాళ్ల పేరున భోజనం వండిందీ లేదు, ఖర్చు రాసిందీ లేదు. కానీ తప్పు తప్పే.

ఆ పందొమ్మిది రోజుల చివర్లో నరసయ్య గారు కూడా మాల వేసుకున్నారు, అర్ధమండలం, ఇరవై ఒక్క రోజులు. మొదటి రోజు బీపీకి చేయి ఇవ్వలేదు. "నాకేం రోగమమ్మా, వాళ్లకి చూడు" అన్నారు. రెండో రోజు సాయంత్రం పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి, చలికాలంలో మెడ మీద చెమట. పక్కగా వెళ్లాను. యాలకుల వాసన. ఆహా, పెద్దమనిషీ, నువ్వూ దొరికావా అనుకున్నాను. పైకి మాల, లోపల మందు. ఊరికి నీతులు చెప్పే మనిషి గుట్టు తెలిసినందుకు లోలోపల సంబరపడ్డానని దాచుకోను. ఆ సంబరంతోనే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

మర్నాడే చెప్పాపెట్టకుండా తనిఖీ వచ్చింది.

అధికారి పేరు సీతారామారావు. రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాడు, సన్నగా ఉంటాడు, మాట మెత్తన. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటే ఏమో అనుకున్నాను. మంచాల మీద ముగ్గురు పడుకుని ఉన్నారు. హాజరు వేసిన మిగతా ఐదుగురి మంచాల పరుపులు అరచేత్తో నొక్కి చూశాడు. తలగడ తీసి వాసన చూశాడు. నేను చేసే పని ఇంకొకడు నా కళ్ల ముందే చేస్తుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"తలనూనె వాసన లేదమ్మా" అన్నాడు.

"ఉతికించాం సార్."

"గుమ్మంలో చెప్పులు మూడు జతలే. అవి కూడా ఉతికించారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అప్పటికే చీర కొంగు మూడుసార్లు సర్దుకున్నాను. సుప్రజ గారు కల్పించుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన అంతా విని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"డాక్టరు గారూ, నేను ముప్పై ఏళ్లు ఇలాంటి కథలు విన్నాను. ఒకచోట రోగులంతా పెళ్లికెళ్లారన్నారు. ఒకచోట ఓటెయ్యడానికి వెళ్లారన్నారు. మాల వేసుకున్నారనడం మాత్రం ఇదే మొదలు. పదండి, చూద్దాం. ముగ్గురు మంచాల మీద ఉన్నారు, ఇంకో ముగ్గుర్ని చూపించండి. ఆరు రాసుకుని పోతాను."

జీపులో వినగడప బయల్దేరాం. సుప్రజ గారు కేంద్రంలోనే ఉండిపోయారు. చూపిస్తే గిరిబాబు పని పోతుంది. పని పోయిన రోజే మాల తెంపి షాపుకి పోతాడు, అందులో నాకు అనుమానం లేదు. చూపించకపోతే మంచాలు పోతాయి.

పీఠంలో భిక్ష వేళ. భవానీలంతా వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. ఊరి ఆడవాళ్లు వడ్డిస్తున్నారు, వాళ్లలో శ్రీవల్లి ఉంది. నన్ను ఆ వేళప్పుడు, పక్కన ఆఫీసరుతో చూడగానే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. సీతారామారావు గారు జేబులోంచి కాగితం తీశాడు.

"గురుభవాని గారూ, మీలో గిరిబాబు అంటే ఎవరండి?"

గురుభవాని చేతులు జోడించాడు. "ఇక్కడ పేర్లుండవండి. మాల వేశాక అందరూ భవానీలే. దీక్షలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే దోషం."

సీతారామారావు గారు నా వైపు తిరిగాడు. "పేర్లుండవు. అందరికీ ఒకటే బట్టలు, ఒకటే బొట్టు, ఒకటే గడ్డం. బాగా కుదిరిందమ్మా. ఈ ముప్పైలో ఏ ఐదుగురైనా మీ వాళ్లే."

"సార్, సాయంత్రందాకా ఆగండి. ఒక్కొక్కళ్లనీ మీ జీపు దగ్గరికి తీసుకొస్తా."

"సాయంత్రానికి ఎవర్నైనా తేవచ్చు. ఇప్పుడు వేలు పెట్టి చూపించండి, చాలు."

గిరిబాబు నాకు నాలుగు ఆకుల అవతల కూర్చుని ఉన్నాడు. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంది. నా వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు. వీణ్ణి చూపించెయ్, పదిమంది బతుకుతారు అని ఒక మనసు అంటోంది. నా చెయ్యి కొంచెం లేచింది కూడా. అబద్ధం చెప్పను.

అంతలో వరస మొదట్లో ఆకు చిరిగిన చప్పుడైంది. నరసయ్య గారు లేచి నిలబడ్డారు. ఒళ్లంతా ఊగుతోంది, పళ్లు టకటకమంటున్నాయి. గాల్లోకి చెయ్యి చూపించి, "అదిగో, గుంజల మీద పాకుతున్నయ్, అదిగో" అంటున్నారు. ఎవరో "అమ్మవారు పూనింది" అన్నారు. అంతే, ముప్పై గొంతులు జై భవానీ అన్నాయి. ఆడవాళ్లు వేపమండలు విరిచారు. పసుపునీళ్లు తెచ్చి నెత్తిన పోశారు. గురుభవాని కర్పూరం వెలిగించి, ఆయన నాలుక మీద పెట్టడానికి తీసుకెళుతున్నాడు.

నాకు యాలకుల వాసన గుర్తొచ్చింది. నిన్న ఈ మనిషి తాగి వణకలేదు, మానేసి వణికాడు. ఎవరికీ తెలియకుండా ఇంట్లో తాగే మనిషి, అమ్మవారికి భయపడి ఒక్కసారిగా మానేశాడు. అవే వేళ్లు, అదే చెమట, అదే యాలకులు. రెండోసారి కూడా నేను నోరే చూసి చేతులు వదిలేశాను. నా అనుమానం మీద నాకే అసహ్యం వేసింది.

"ఆగండి" అని అరిచాను. "ఇది పూనకం కాదు. ఆయనకి ఫిట్స్ రాబోతున్నయ్. నిప్పు పెట్టొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి."

గురుభవాని కోపంగా చూశాడు. "మీరు దూరంగా ఉండండమ్మా. మీ మతం వేరు, మీకు ఇవి తెలవ్వు."

"నాకు మతం కాదు, రోగం తెలుసు" అన్నాను. ఎవరూ వినలేదు. ఇద్దరు ఆడవాళ్లు నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. కర్పూరం ఆయన పెదాల దాకా వెళ్లింది.

ఆ చేతిని గిరిబాబు పట్టుకున్నాడు. ఎప్పుడు లేచాడో, ఎంగిలి చేత్తోనే పట్టుకున్నాడు.

"భవానీ, ఆ సిస్టరమ్మ చెప్పేది నిజం. అది అమ్మవారు కాదు. నాకూ ఇట్టాగే వచ్చింది. గోడల మీద జెర్రులు పాకుతున్నట్టు కనపడింది. నేను హైదరాబాదు పోలా. తిరువూరులో తాగుడు మాన్పించే ఆస్పత్రిలో పడున్నా, పన్నెండు రోజులు. ఈవిడే నన్ను పట్టుకుని కూర్చుంది."

శ్రీవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురుభవాని కర్పూరం కింద పడేశాడు. ఆ నిమిషంలోనే నరసయ్య గారు విరుచుకు పడిపోయారు, చేతులూ కాళ్లూ కొట్టుకుంటున్నాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆయన్ని పక్కకి తిప్పాను. మడి, మైల అని ఎవరూ అనలేదు. వరసలోంచి ఇంకొకడు లేచి వచ్చి కాళ్లు పట్టాడు. "నేను కూడా సిస్టరమ్మ పేషెంటునే, రాసుకోండి సార్" అన్నాడు ఆఫీసరుతో. మిగిలిన ముగ్గురూ తలెత్తలేదు. ఆకులో మెతుకులు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. ఎత్తమని నేనూ అడగలేదు.

జీపు వెనక సీట్లో నరసయ్య గారి తల నా ఒళ్లో ఉంది. గిరిబాబు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నాకు మైలవరం గుర్తొస్తోంది. ప్రభువా, ఈసారి దారి చిన్నదే అనుకుంటున్నాను. ముందు సీట్లోంచి సీతారామారావు గారు వెనక్కి తిరిగి, మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. ఇదంతా మీరు ముందే అనుకుని చేయించింది కాదు కదా?"

ఇంకెవరైనా అయితే అక్కడే కడిగేసేదాన్ని. కానీ నాకు ఆయనలో నేను కనిపించాను. "సార్, ఈయన చెయ్యి పట్టుకు చూడండి" అన్నాను. ఆయన పట్టుకున్నాడు. ఆ వణుకు తగలగానే మొహం మారింది. తిరువూరు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

సుప్రజ గారు ఇంజెక్షన్ చేశారు. నాలుగో మంచం మీద పడుకోబెట్టాం. రెండు గంటల తర్వాత నరసయ్య గారు కళ్లు తెరిచి అందర్నీ పోల్చుకున్నారు. సీతారామారావు గారు అంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. కాగితం ముందుకు జరిపి, "మీ ఇష్టమండి. మీరు ఒప్పుకుంటేనే చేర్చుకున్నట్టు" అన్నాడు.

"ఎన్నేళ్లుగా తాగుతున్నారు?" అని నేను అడిగాను.

నరసయ్య గారు గిరిబాబు వైపు చూశారు. "వీడు నా దగ్గర పనిలో చేరకముందు నుంచీ. రోజుకో ఫుల్లు. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలవదు" అన్నారు. తర్వాత, "పేరు రాసుకోండమ్మా" అన్నారు.

ఆరో పేరు అది. సీతారామారావు గారు మంచాలకి ఇంకో ఏడాది సిఫారసు రాశాడు. దాని కిందే, అక్కడ లేనివాళ్లకి హాజరు వేసినందుకు సంజాయిషీ చెప్పుకోమని నాకు మెమో కూడా రాశాడు. రెండూ న్యాయమే. మెమో మడిచి బైబిల్లో పెట్టుకున్నాను.

సాయంత్రం వినగడప వెళ్లాలా వద్దా అనుకున్నాను. అప్పటికే వెనక్కి వెళ్లిపోయిన గిరిబాబుని ఊరు ఏం చేసి ఉంటుందో, అతను ఏ షాపు ముందు ఉంటాడో అని అనుమానం. వెళ్లాను. బీపీ మిషను తీసేలోపే గిరిబాబు వచ్చి ముందు నిలబడ్డాడు. పట్టీ చుట్టుకోలేదు.

"బీపీ వద్దు సిస్టరమ్మా. రోజూ నాలుక చూపించమని దొంగతనంగా వాసన చూస్తారుగా. ఇవాళ అందరి ముందూ చూడండి" అని నోరు తెరిచాడు.

వాసన చూశాను. తులసాకు వాసన. ఏమీ లేదని గట్టిగా చెప్పాను. శ్రీవల్లి పందిరి గుంజకి ఆనుకుని ఏడుస్తోంది. అతని వెనకాల, మధ్యాహ్నం తలెత్తని ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి నోరు తెరిచారు. గురుభవాని జరిగి వాళ్లకి దారి ఇచ్చాడు.

వాళ్ల తర్వాత ఇంకొకతను వచ్చాడు. నెరిసిన గడ్డం. నా లిస్టులో లేని మనిషి. పందొమ్మిది రోజులుగా బీపీ చూస్తున్నాను గానీ అతని మొహం ఎప్పుడూ సరిగా చూడలేదు.

"నేను మీ ఆస్పత్రికి రాలేదమ్మా. ఏటా మాల వేస్తా, మాల ఉన్నన్నాళ్లూ బానే ఉంటా. తీసిన రోజు విజయవాడలో అమ్మవారి కొండ దిగుతూనే షాపుకి పోతా. ఎనిమిదేళ్లుగా ఇదే" అన్నాడు. "ఈసారి మాల తీసిన రోజు మీ దగ్గరికి వస్తే మంచం ఉంటుందా?"

అతను నోరు తెరవబోయాడు. వద్దన్నాను. "ముందు చేతులు చాపు నాయనా" అన్నాను.